నిర్వచనంలో లేనోళ్లు నిధుల్లో ఉండరు (ఖజానా కథలు - 6)



బడ్జెట్ రోజున టీవీలో మనకు కనిపించేది ఆర్థికమంత్రి, ఆయన చదివే కోట్ల లెక్క. మర్నాడు పేపర్లో "ఎస్సీలకు ఇన్ని వేల కోట్లు" అని ఒక బాక్సు వస్తుంది. దాన్ని ఫోన్లో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టుకుంటాం. ఆ అంకె మీద ఒకరు సంబరపడతారు, ఇంకొకరు తిడతారు. ఆ అంకెకు ముందు చట్టంలో ఒక వాక్యం ఉంటుందని మాత్రం మనలో చాలామందికి తెలియదు. "ఈ చట్టంలో ఫలానా పదానికి అర్థం ఇది" అని చెప్పే నిర్వచన వాక్యం అది. డబ్బు ఎవరికి చేరాలో, ఎవరికి చేరకూడదో అక్కడే తేలిపోతుంది. సభలో బల్లలు చరిచే ముందే, కమిటీ గదిలోనో సచివాలయం గదిలోనో కూర్చుని దాన్ని రాసేస్తారు.

ఈ మాట సిద్ధాంతంగా చెబితే గాలిలో పోతుంది. కాబట్టి మన ఇచ్ఛాపురం నుంచే మొదలెడతాను.

1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. మన ప్రాంతం అప్పుడు విశాఖపట్నం జిల్లాలో భాగం. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, మందస... ఎటు చూసినా జమీందారీలే. శిస్తు కట్టలేని రైతు మీద జప్తు, అప్పు, దాని మీద వడ్డీ. ఈ బాధలు చెప్పుకోవడానికి రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు కాలినడకన బయల్దేరారు. చరిత్రకారులు నమోదు చేసిన లెక్క ఇది: 2,000 మందికి పైగా రైతులు, 1,500 మైళ్లకు పైగా దూరం, తొమ్మిది జిల్లాలు, 130 రోజులు. దారిపొడవునా సభలు పెట్టి, 1,100కు పైగా అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసులో శాసనసభకు అందజేశారు.

చట్టం చేసే చోటికి జనం తమ అర్జీని తామే మోసుకెళ్లిన గొప్ప ఘటన అది. మన జిల్లా ఉత్తరపు కొసన మొదలైంది. దీన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. రెండేళ్లకు, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన వీరగున్నమ్మ ఆ పోరాటపు బిడ్డే.

అయితే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ అర్జీల ఫలితంలో కంబారికి ఏం దక్కింది?

రైతుల ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి అప్పుల నుంచి ఉపశమనం. ఆ డిమాండ్ చట్టమైంది. దాని పేరు మద్రాసు వ్యవసాయదారుల ఉపశమన చట్టం, అమల్లోకి వచ్చింది 1938 మార్చి 22న. యాత్ర అర్జీలు సభకు చేరడానికి అయిదు రోజుల ముందన్నమాట. ఇప్పుడు నిర్వచనం చూడండి. "వ్యవసాయదారుడు" అంటే ఎవరు? శిస్తు ఉన్న సాగుభూమిలో అమ్ముకోదగిన హక్కు ఉన్నవాడు, లేదా జమీందారీ భూమిలో రైతుగానో కౌలుదారుగానో హక్కు ఉన్నవాడు. అంటే ఏదో ఒక రూపంలో భూమి మీద హక్కు ఉండాలి.

తెల్లవారకముందే దుక్కికి వెళ్లేవాడు, ఊడ్పులు ఊడ్చేది, కోత కోసేది, కళ్లంలో కాపలా పడుకునేవాడు ఈ చట్టం దృష్టిలో వ్యవసాయదారులు కారు. వ్యవసాయం మొత్తం వాళ్ల చేతుల మీదే నడుస్తున్నా "వ్యవసాయదారుడు" అనే మాటలో వాళ్లు లేరు. మాల, మాదిగ, రెల్లి, పైడి వాడల్లో పెళ్లికో చావుకో తెచ్చిన అప్పుకు ఒళ్లు తాకట్టు పెట్టిన కంబారికి కూడా అప్పుంది, వడ్డీ కూడా ఉంది. లేనిది ఒక్క భూమే. అందుకే చట్టం అతని ఇంటి ముందు నుంచే వెళ్లిపోయింది.

అదే కాలంలో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు విచారణ కమిటీ పనిచేసింది. జమీందారీ ప్రాంతాల్లో సాక్ష్యాలు తీసుకుని 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి హక్కుదారు రైతే అనీ, శిస్తును 1802 నాటి శాశ్వత సెటిల్‌మెంటుకు ముందున్న స్థాయికి తగ్గించాలనీ చెప్పింది. ఆ కాలానికి చాలా ధైర్యమైన మాట అది. ఆ నివేదిక చట్టం కాకముందే 1939లో మంత్రివర్గం రాజీనామా చేసి వెళ్లిపోయింది. ఆ పని పూర్తి కావడానికి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. రద్దయిన జమీందారుకు ఖజానా నుంచి పరిహారం వచ్చింది, చేతిలో భూమి ఉన్న రైతుకు పట్టా వచ్చింది. చేతిలో భూమి లేనివాడికి ఇవ్వడానికి ఆ చట్టంలో ఏమీ లేదు. కమిటీకి అప్పగించిన ప్రశ్న జమీందారుకూ రైతుకూ మధ్య తగాదా. మూడోవాడు ఆ ప్రశ్నలో లేడు, కాబట్టి జవాబులోనూ లేడు.

"ఆ సభలో మనవాళ్లే లేరా?" అని మీరడగొచ్చు. ఉన్నారు. పూనా ఒప్పందం ప్రకారం మద్రాసు శాసనసభలోని 215 సీట్లలో 30 మనకు రిజర్వు అయ్యాయి. సీట్లు వచ్చాయి గానీ బిల్లులోని మాట మారలేదు. సభలో మనిషి ఉండటం ఎంత అవసరమో, బిల్లు ముసాయిదాలో మన పేరు ఉండటం అంతే అవసరం. మొదటిది వస్తే రెండోది దానంతట అదే రాదు.

ఈ తేడా బాబాసాహెబ్‌కు బాగా తెలుసు. ఆయన ఆర్థికశాస్త్రం చదివినవాడు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా ఎదిగిందో పుస్తకమే రాశాడు. 1927 ఫిబ్రవరిలో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ ఆయన పట్టుకున్నది పన్ను స్వభావాన్నే. ఆదాయపు పన్ను ఆదాయం వచ్చినవాడే కడతాడు. భూమిశిస్తు మాత్రం పంట పండినా పండకపోయినా కట్టాల్సిందే, ఒక ఎకరం వాడిమీద కూడా పడుతుంది. ఇదేం న్యాయం అన్నది ఆయన వాదన. తర్వాత రాజ్యాంగ సభలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి గురించి చెబుతూ, రాజ్యాంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన అధికారి ఆయనేనేమో అన్నాడు. ఖజానా లెక్క చూసేవాడి చేతులు కట్టేస్తే మిగతా హక్కులన్నీ కాగితం మీదే ఉండిపోతాయని ఆయన భయం.

ఇప్పుడు రాజ్యాంగం ప్రకారం డబ్బు బిల్లు ఎలా నడుస్తుందో విద్యార్థి మిత్రుల కోసం క్లుప్తంగా చెబుతాను. 202వ అధికరణం ప్రకారం బడ్జెట్ సభ ముందుకు వస్తుంది. 203 ప్రకారం శాఖలవారీగా గ్రాంట్ల డిమాండ్లు వస్తాయి. సభ ఒక డిమాండ్‌ను ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు, పెంచే అధికారం మాత్రం లేదు. గవర్నర్ సిఫారసు లేకుండా డిమాండే రాదు. 204 ప్రకారం ద్రవ్య వినిమయ బిల్లు పాసైతేనే ఖజానా నుంచి రూపాయి కదులుతుంది. మండలికి పంపితే అది 14 రోజుల్లో తిప్పి పంపాలి. మండలి చేసిన సిఫారసును అసెంబ్లీ తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. గడువు ముగిసే రోజున చర్చకు రాని డిమాండ్లన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలటిన్ అంటారు. మన సాంఘిక సంక్షేమ శాఖ డిమాండ్ మీద ఎంతసేపు చర్చ జరిగిందో ఏటా గమనించండి.

కేరళలో 1980 నుంచి విషయ కమిటీలున్నాయి. బడ్జెట్ పెట్టాక డిమాండ్లు ఆ కమిటీల దగ్గరికి వెళ్తాయి, అన్ని పార్టీల సభ్యులూ కూర్చుని శాఖలవారీగా పరిశీలిస్తారు. పార్లమెంటులో శాఖల స్థాయీ సంఘాలు 1993లో వచ్చాయి. ఖర్చు కాకముందే ప్రశ్న అడిగే పద్ధతి ఇది. ఖర్చయ్యాక అడిగేది ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ. పోస్టుమార్టం కూడా అవసరమే, కానీ మనిషి బతికుండగా డాక్టరు చూడటం ఇంకా అవసరం.

ఇక మన చట్టానికి వద్దాం. ఎస్సీల ప్రత్యేక విభాగ ప్రణాళిక 1979-80లో మొదలైంది. అది అప్పట్లో చట్టం కాదు, మార్గదర్శకమే. మార్గదర్శకాన్ని పాటించకపోతే అడిగేవాడుండడు. అందుకే 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో ఎస్సీల నిధి నుంచి 744 కోట్లు మళ్లించినట్టు సమాచార హక్కు ద్వారా బయటపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఉద్యమం నడిచింది. మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు గారి లాంటివాళ్లు, కేవీపీఎస్, అనేక దళిత, గిరిజన సంఘాలు, వామపక్షాలు ఏళ్ల తరబడి అడిగాయి. ఉపముఖ్యమంత్రి దామోదర రాజనరసింహ అధ్యక్షతన మంత్రివర్గ ఉపసంఘం కూర్చుంది. 2012 డిసెంబర్ మొదట్లో ప్రత్యేక సమావేశంలో బిల్లు పాసైంది. 2013 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఉప ప్రణాళికకు చట్టబద్ధత ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే.

ఈ చట్టంలోనూ మాటలే ముఖ్యం. ఒక ఆవాసంలో 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఎస్సీలుంటే అక్కడి పనికి మొత్తం ఖర్చు ఈ నిధిలో చూపొచ్చు. అక్కడ "గ్రామం" అని రాసి ఉంటే ఏమయ్యేది? 2011 లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభాలో ఎస్సీలు 9.5 శాతం, విజయనగరంలో 10.6 శాతం. ఊరు మొత్తాన్ని లెక్క తీసుకుంటే మన దగ్గర 40 శాతం దాటే ఊళ్లు ఎన్నుంటాయి? "ఆవాసం" అన్నందుకు ఊరి చివరి మన వాడ లెక్కలోకి వచ్చింది. ఒక్క పదం ఉత్తరాంధ్ర దళితవాడల్ని నిలబెట్టింది.

ఇంకో మాట మనల్ని పడగొట్టింది. విడదీసి చూపలేని పెద్ద నిర్మాణాల ఖర్చులో కొంత వాటా ఎస్సీల కోసమే అయినట్టు భావించి లెక్క చూపే వెసులుబాటు అది. ఊరందరూ నడిచే రోడ్డులో మన కాళ్లు కూడా పడతాయి కాబట్టి రోడ్డు ఖర్చులో కొంత మన ఖాతాలో రాసుకోవచ్చు. పద్దులో మనకు ఖర్చు పెట్టినట్టే ఉంటుంది, వాడలో కాలువ మాత్రం ఉండదు. కర్ణాటక 2013లో తెచ్చిన చట్టంలో ఇలాంటిదే 7(డి) అనే నిబంధన ఉండేది. అక్కడి దళితులు ఏళ్ల తరబడి కొట్లాడి 2023లో దాన్ని తీయించారు. తెలంగాణ 2017 చట్టంలో, మిగిలిపోయిన నిధిని తర్వాతి ఏడాదికి కలిపే ఏర్పాటు రాసుకున్నారు. అంటే నిబంధనలు రాళ్ల మీద చెక్కినవి కావు, అడిగితే మారతాయి.

మన చట్టానికి పదేళ్ల గడువే పెట్టారు. గడువు తీరబోయే వేళ 2023 జనవరిలో ఆర్డినెన్సుతో ఇంకో పదేళ్లు పొడిగించారు. పదేళ్లు ఎలా ఖర్చయ్యాయో ఊరూరా విచారించి, సాక్ష్యాలు తీసుకుని, లోపాలు సరిదిద్ది తేవాల్సిన చట్టం అది. 1938లో శిస్తు గురించి ఒక కమిటీ ఊళ్ల సాక్ష్యం తీసుకోగలిగింది. మన నిధి గురించి ఆ మాత్రం గౌరవం మనకు దక్కొద్దా?

ఖర్చయ్యాక చూసే పీఏసీ సంగతి కూడా చెప్పుకుందాం. ప్రతిపక్ష సభ్యుడు దానికి అధ్యక్షుడుగా ఉండటం ఆనవాయితీ. మన రాష్ట్రంలో పీఏసీ అధ్యక్షుడిగా చేసిన బుగ్గన రాజేంద్రనాథ్ 2019లో ఆర్థికమంత్రి అయ్యారు. ఆయన మంత్రిగా ఉండగా పీఏసీ అధ్యక్షుడిగా ఉన్న పయ్యావుల కేశవ్ 2024లో ఆర్థికమంత్రి అయ్యారు. 2024 నవంబర్‌లో ప్రతిపక్షానికి సంఖ్యాబలం చాలలేదు, ఎన్నికను బహిష్కరించింది, కూటమిలోని జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. పార్టీల తగాదా పార్టీలు పడతాయి. మనకు కావలసింది ఒక్కటే, ప్రశ్న అడిగే కుర్చీలో ప్రశ్న అడిగేవాళ్లుండాలి.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. ఒకటి, బడ్జెట్ పుస్తకాల్లో 789 అనే పద్దు నంబరు ఎస్సీలది, 796 గిరిజనులది. ఏ శాఖ డిమాండ్‌లోనైనా ఆ నంబరు కింద ఏం రాశారో, కిందటేడు ఎంత ఇస్తామని ఎంత ఖర్చు పెట్టారో చూడండి. రెండు, అసెంబ్లీ ఎస్సీ సంక్షేమ కమిటీ జిల్లాకు వచ్చినప్పుడు దండలు, శాలువాలతో పాటు కాగితం పట్టుకెళ్లండి. "మా వాడకు రోడ్డు కావాలి" అని వదిలేయకుండా, "ఫలానా శాఖ, 789 కింద, ఫలానా ఏడాది చూపిన పని మా ఆవాసంలో జరగలేదు" అని రాసివ్వండి. బాధను విని ఓదార్చి వెళ్లిపోవచ్చు, పద్దు నంబరుకు మాత్రం అధికారి జవాబు చెప్పాలి. మూడు, ఏ కొత్త బిల్లు వచ్చినా ముందు నిర్వచనాల పేజీ చదవండి. అందులో మీ అమ్మ ఉందా, మీ నాన్న ఉన్నాడా, మీ వాడ ఉందా అని వెతకండి.

నడక యాత్ర గొప్పదే, కానీ అర్జీలో పేరు లేనివాడు ఎంత నడిచినా మద్రాసు చేరనట్టే. 2033 జనవరిలో ఈ గడువు కూడా తీరుతుంది. అప్పటికి ప్రతి మండలంలో 789 పద్దు చదవగలిగిన పిల్లలు పదిమంది ఉంటే, వచ్చే చట్టంలోని మాటలు మనమే రాయించుకోగలం.

వచ్చే భాగంలో: ఎస్టేట్ల రద్దు తర్వాత మన జిల్లాల్లో బంజరు భూములు ఎవరి పట్టాల్లోకి వెళ్లాయి?