సూదిమందు భయము

సూదిమందనగానే ముఖము వెలవెలబోవు వారిని జూచి నవ్వుట మనకు బరిపాటి. మీసములు వచ్చిన మగవాడు చీమకుట్టినంత నొప్పికి వెఱచునా యని నలుగురిలో బరిహసింతుము. ఈ పరిహాసము మన పూర్వులు నేర్పినది గాదని నేడు పెద్దలకు విన్నవింప గోరుచున్నాను.

సుశ్రుతసంహితలో రక్తమోక్షణమునకు బెక్కు మార్గములు చెప్పబడినవి. సిరను వేధించుట వానిలో ముఖ్యము. అయినను శారీరస్థానమున, సిరావేధమునకు దగనివారిని బేర్కొనుచు, బాలురను, వృద్ధులను, క్షీణించినవారిని, అలసినవారిని జెప్పి, వారి నడుమనే భీరువును గూడ నా యాచార్యుడు నిలిపినాడు. భీరువు చికిత్సకే పనికిరాడని వదలివేసినాడా? లేదు. సూత్రస్థానమున జలగల యధ్యాయమున, రాజులకును, ధనికులకును, బాలురకును, దుర్బలులకును, భీరువులకును ననుగ్రహముగా జలగలచే రక్తము దీయు సుకుమారమైన యుపాయమును విధించినాడు. రాజును బిఱికివానిని నొకే పంక్తిలో గూర్చుండబెట్టిన యా వైద్యుని యౌదార్యము నాకు మిక్కిలి నచ్చినది. శిష్యుడు మనుష్యుని సిరను ముట్టకమునుపు కలువకాడలమీదను, చచ్చిన పశువుల సిరలమీదను వేధనము నభ్యసింపవలెననియు నాతని శాసనము. పొడుచువాని చేతికి నేర్పు, వెఱచువానికి వేఱు దారి. రెండింటి భారమును వైద్యునిదే.

ఇక నేటి సూది. బోలుసూదిగుండ మందును చర్మము క్రిందికి బంపుట 1844లో డబ్లిన్ నగరమున ఫ్రాన్సిస్ రిండ్ అను వైద్యుడు చేసినాడు. 1853లో ఎడింబరో నగరమున అలెగ్జాండర్ వుడ్డును, ఫ్రాన్సు దేశమున ప్రవాజును బోలుసూదికి బిచికారీని జతచేసిరి. రిండ్, వుడ్డు లిరువురును దానిని వాడినది నరముల నొప్పిని దీర్చుటకే. నొప్పిని బాపుటకు వచ్చిన సాధనమే నొప్పికి మాఱుపేరై కూర్చున్నది!

మన పల్లెలలో నీ భయమునకు వేళ్లు పాతుకొనినది మాత్రము కుక్కకాటు మందువలన. 1885 జులై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మీస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మందు వేయింప నారంభించెను. కొలది దినములలో బదుమూడు పర్యాయములు పొట్టచర్మము క్రింద వేసిరి; బాలుడు బ్రదికెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో నీలగిరులలోని కూనూరునందును పాశ్చరు పేర సంస్థలు వెలసినవి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ అను నాతడు 1911లో గొఱ్ఱెమెదడునుండి, కార్బాలికామ్లముతో విషబీజమును జంపి, యొక మందు సిద్ధపఱచినాడు. దినమున కొకటి చొప్పున బదునాలుగు దినములు, పెద్ద పరిమాణములో, వదులైన పొట్టచర్మము క్రింద దానిని బొడిచెడివారు. వాపును, నొప్పియు దప్పవు. మెదడు పదార్థ మగుటచే కొందఱికి బక్షవాతము వంటి యుపద్రవములును గలుగుచుండెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను మాట యూరూర నిట్లు పుట్టినది. అది కల్పన గాదు. ఆ భయమునకు గారణము గలదు.

కాని యా భయమునకు మూల్యమేమి? నేను బడిలో జదువుకొనుచున్న దినములలో, 1970 ప్రాంతమున, మా గ్రామమున నొక పాలేరును బిచ్చికుక్క కఱచినది. కోడెగిత్తల కొమ్ములు పట్టి వంచెడివాడు. మొదటి సూది పడినంతనే తెలివితప్పినాడు. ఊరివారు నవ్విరి. మఱునాడు గడ్డివామిలో దాగి, పసరువైద్యము చాలునని పట్టుపట్టినాడు. రెండవ నెల నిండకమునుపే నీటిచెంబును జూచి వణకి, గొంతు బిగిసి, మరణించెను. జలసంత్రాసము కలిగినవాడు బ్రదుకుట లేదని సుశ్రుతుడు కల్పస్థానమున జెప్పినదానిని నేటి వైద్యులును గాదనరు. అతనిని జంపినది కుక్కయా, సూదియా, మన నవ్వా యని నేనెన్నియోమార్లు తలపోసితిని.

తరువాత నేనుపాధ్యాయుడనైన పిదప, బడికి ధనుర్వాతపు సూదిమందు వేయువారు వచ్చినప్పుడెల్ల నొక వింత గనుగొంటిని. చెడుగుడు పందెములలో నెదురులేని బాలుడు వరుసలోనే కూలబడును. పుల్లవంటి బాలుడు చేయి చాచి, మందు వేయించుకొని, యాటకు బోవును. దీని మర్మమును వైద్యులిట్లు చెప్పుదురు. పామును జూచి భయపడినవానికి గుండె వడిగా గొట్టుకొని రక్తపుపోటు పెరుగును. సూదిని, నెత్తురును జూచి భయపడువారిలో బలువురకు మొదట నట్లే పెరిగి, పిదప నొక్కసారిగా గుండె మందగించి, పోటు పడిపోవును. మెదడునకు రక్తము చాలక మనుజుడు కూలును. ఒక్కొక్క కుటుంబమున నిది తరతరములుగ వచ్చుచుండును. 1994లో నమెరికా మనోవైద్యులు తమ రోగవర్గీకరణమున దీనినొక ప్రత్యేకజాతి భయముగ బేర్కొనిరి. కండబలమునకును దీనికిని సంబంధము లేదు.

దీనికి బ్రతిక్రియను స్వీడను దేశమున లార్స్ యోరాన్ ఓస్ట్ అను మనశ్శాస్త్రవేత్త 1980ల దశకమున బరీక్షించి చూపినాడు. చేతులు, కాళ్లు, మొండెము కండరములను బది పదునైదు క్షణములు గట్టిగా బిగబట్టి, ముఖము వెచ్చనగునప్పుడు వదలవలెను, అరనిమిషము తాళి మఱల బిగబట్టవలెను, ఇట్లైదు మార్లు. పడిపోవు రక్తపుపోటు దానిచే నిలుచును. మందు వేయు చేయి మాత్రము వదులుగా నుండవలెను. దీనితోబాటు మొదట సూది బొమ్మను, పిదప సూదిని, పిదప నొరునికి వేయుటను గ్రమముగా జూచుచు నలవాటు చేసికొందురు. మన వైద్యశాస్త్రమున సాత్మ్యమందురే, యట్టిదే యిది. మూర్ఛ వచ్చు నలవాటు గలవాడు ముందుగనే చెప్పి, పడుకొని వేయించుకొనుట సులువు.

ఇచట నొక మాట. అల్లరిచేయు బిడ్డను సూది పొడిపింతునని బెదరించు తాతలు, అవ్వలు మనలో గలరు. ఆసుపత్రికి గొనిపోవుచు నొప్పియే యుండదని బొంకుటయు నంతే చెఱుపు. ఒకమాఱు మోసపోయిన బిడ్డ రెండవమాఱు నమ్మదు.

గొఱ్ఱెమెదడు మందును మన దేశమున 2004లో మానివేసిరి. ఇప్పటి మందు వేఱు. భుజమునకే నాలుగైదు పర్యాయములు వేయుదురు. గాయము లోతైనచో, గాయముచుట్టు మఱియొక మందు నెక్కింతురు. అది నొప్పించును, దాచుట తగదు. కాటు పడినంతనే సబ్బుతో, పాఱునీటితో బదునైదు నిమిషములు కడిగి, యా దినముననే యాసుపత్రికి బోవలెను. వెఱచువాని వెంట నవ్వనివాడొకడు పోయినచో మఱియు మేలు. అచట నతడు బల్లమీద బడుకొని, మొగము గోడవైపు త్రిప్పి, భుజమిచ్చిన జాలును. పొట్ట విప్పవలసిన పని లేదు.