లెక్క మూసివేయవద్దు: శనిగ్రహపు చంద్రుల కథ



పోయిన వేసవి సెలవుల్లో పిల్లల కూడికలో సృష్టి పాఠం చెబుతున్నాము. ఏడో తరగతి చదివే బాబు ఒకడు లేచి, "అయ్యగారూ, శనికి చంద్రులు ఎన్ని?" అని అడిగాడు. వెనక కూర్చున్న నానమ్మగారు ఒకరు "గుళ్ళో ఆ పేరెందుకురా?" అని కసిరారు. మేము నవ్వి, చిన్నప్పుడు బడిలో విన్నది గుర్తు చేసుకుని "పద్దెనిమిది" అన్నాము. వాడు తల అడ్డంగా ఊపి, "కాదండీ, రెండు వందల డెబ్బై నాలుగు" అన్నాడు. ఇంటికి వచ్చి చూసుకుంటే వాడు చెప్పిందే నిజం. ఆ సంగతి వెనక ఉన్న చరిత్ర చదవడం మొదలుపెట్టాము. అది మా మనసును గద్దించింది. అందుకే ఈ వారం మీకు రాస్తున్నాము.

ముందు ఆ నానమ్మగారి మాట. మన పల్లెల్లో శని పేరు భయంతోనో, తిట్టుగానో తప్ప నోట రాదు. ఆ గ్రహం సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 29న్నర ఏళ్లు పడుతుంది. అంటే ఒక్కొక్క రాశిలో దాదాపు రెండున్నర ఏళ్లు కనిపిస్తుంది. మూడు రాశులకు ఏడున్నర ఏళ్లు. ఏలినాటి శని అనే మాట వెనక ఉన్న లెక్క ఇదే. నెమ్మదిగా నడుస్తుంది కాబట్టే మన పెద్దలు దానికి మందుడు అని కూడా పేరు పెట్టారు. అయితే ప్రియులారా, అది దేవుడు ఆకాశంలో ఉంచిన వెలుగుల్లో ఒకటి. చుట్టూ వలయాలతో, లెక్కకు అందనన్ని చంద్రులతో తిరుగుతున్న అందమైన సృష్టి.

1610లో ఇటలీలో గెలీలియో తన చిన్న టెలిస్కోపుతో శనిని చూశాడు. గ్రహానికి రెండు పక్కలా రెండు చెవుల్లాంటివి కనిపించాయి. అవి తోడుగా ఉన్న రెండు గోళాలనుకున్నాడు. 1612లో చూస్తే అవి మాయమయ్యాయి. ఆయనకు అర్థం కాలేదు. అవి వలయాలని, మన వైపుకు అంచు తిరిగినప్పుడు కనబడవని తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆ ముడి విప్పినవాడు హాలెండు దేశస్థుడు క్రిస్టియాన్ హైగెన్స్. తన అన్నతో కలిసి అద్దాలను స్వయంగా అరగదీసి టెలిస్కోపు చేసుకున్నాడు. 1655 మార్చి 25న శని పక్కన ఒక చుక్కను గమనించాడు. రోజూ చూస్తూ పోగా అది సుమారు పదహారు రోజులకు ఒకసారి శనిని చుట్టి వస్తోందని తేలింది. అదే శనికి దొరికిన మొదటి చంద్రుడు. ఇప్పుడు మనం టైటాన్ అంటున్నాము. అది మన చందమామ కంటే, బుధగ్రహం కంటే కూడా పెద్దది. అప్పటికి హైగెన్స్‌కు ఇరవై ఆరేళ్లు కూడా నిండలేదు.

1659లో ఆయన శని గురించి పుస్తకం అచ్చు వేశాడు. వలయం సంగతి అందులో స్పష్టంగా చెప్పాడు. అదే పుస్తకంలో ఇంకో మాట కూడా రాశాడు. అప్పటికి తెలిసిన గ్రహాలు, మన భూమితో కలిపి, ఆరు. తెలిసిన చంద్రులు కూడా ఆరే: మన చందమామ ఒకటి, గురుగ్రహానికి నాలుగు, ఇప్పుడు శనికి ఒకటి. ఆరూ ఆరూ పన్నెండు. పన్నెండు సంపూర్ణమైన సంఖ్య. కాబట్టి లెక్క నిండింది, ఇక కొత్తవి దొరకవు అని ఆయన అభిప్రాయపడ్డాడు.

ఎంత గొప్ప పండితుడు! ఎంత ఓపికగా చూసిన కన్ను! అయినా తన చేతిలోని లెక్క అందంగా కుదిరింది గనుక, దేవుని లెక్క కూడా అక్కడే ఆగిందనుకున్నాడు.

పన్నెండేళ్లు గడిచాయి. 1671లో పారిస్ వేధశాలలో కాసిని అనే ఇటలీ పండితుడు శని దగ్గర ఇంకో చంద్రుణ్ణి చూశాడు. దాని పేరు ఇయాపెటస్. శనికి పడమటి పక్కన ఉన్నప్పుడు కనిపించేది, తూర్పు పక్కకు వెళ్తే మాయమయ్యేది. కాసిని అది లేదని కొట్టిపారేయలేదు. దాని ఒక ముఖం తెల్లగా, ఇంకో ముఖం నల్లగా ఉండి ఉంటుందని తలంచాడు. 1705లో మెరుగైన టెలిస్కోపుతో తూర్పు పక్కన కూడా, మసకగా, దాన్ని చూడగలిగాడు. ఈలోగా 1672లో రియాను, 1684లో టెథిస్‌ను, డయోన్‌ను కనుగొన్నాడు.

ఆ తర్వాత వందేళ్లకు పైగా కొత్తది ఏదీ దొరకలేదు. 1789లో ఇంగ్లాండులో విలియం హెర్షెల్ నలభై అడుగుల టెలిస్కోపు కట్టి ఎన్సెలడస్‌ను, మిమాస్‌ను చూశాడు. ఈ హెర్షెల్ మొదట సంగీతకారుడు, ప్రార్థనాలయంలో ఆర్గాన్ వాయించినవాడు. అప్పటికి ఏడయ్యాయి. కానీ వాటికి పేర్లు లేవు, అంకెలే. కొత్తది దొరికితే అంకెలు తారుమారయ్యేవి. 1847లో ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ ఒక్కొక్కదానికి పేరు పెట్టాడు. మరుసటి ఏడే ఎనిమిదోది, హైపీరియన్, అమెరికాలోనూ ఇంగ్లాండులోనూ ఒకే నెలలో కంటపడింది. 1899లో పెరూ దేశంలో తీసిన ఫొటో పలకలను పరిశీలిస్తూ పికరింగ్ తొమ్మిదోదైన ఫీబీని కనుగొన్నాడు. అది మిగతావాటికి ఎదురుదిశలో తిరుగుతోంది!

మన కాలానికి వద్దాం. 1997లో ఒక అంతరిక్ష నౌక బయలుదేరి 2004లో శనిని చేరింది. నౌక పేరు కాసిని. దానికి తగిలించి పంపిన చిన్న నౌక పేరు హైగెన్స్. లెక్క మూసినవాడి పేరు, దాన్ని మళ్లీ తెరిచినవాడి పేరు ఏడేళ్లు కలిసి ప్రయాణం చేశాయి. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక టైటాన్ నేల మీద దిగింది. ఆ ఏడాదే కాసిని నౌక ఎన్సెలడస్ దక్షిణ ధ్రువం దగ్గర మంచు పగుళ్లలోనుండి నీటి ఆవిరి ఎగజిమ్మడం చూసింది. అడ్డంగా సుమారు 500 కిలోమీటర్లే ఉన్న ఆ మంచుగోళం లోపల సముద్రం ఉందని తర్వాత తెలిసింది.

ఇక ఆ బాబు చెప్పిన లెక్క. చీకట్లో కలిసిపోయే చిన్న చంద్రులను చూడటానికి శాస్త్రజ్ఞులు ఒకే చోటి ఫొటోలు ఎన్నో తీసి, శని కదలికకు తగ్గట్టు జరుపుతూ ఒకదానిపై ఒకటి చేర్చారు. ఒక్క ఫొటోలో కనబడనిది అన్నీ కలిస్తే కనబడింది. అలా 2025 మార్చిలో 128 కొత్త చంద్రులను ఒకేసారి ప్రకటించారు. దాంతో అప్పటికి మొత్తం 274 అయ్యాయి. వాటిలో చాలావరకు కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న రాళ్లే. అయినా ఎంత చిన్నదైనా దాని దారిలో అది తిరుగుతూనే ఉంది. మనుషులు చూడకముందు కూడా తిరిగింది.

ఇది చదువుతుంటే ఏలీయా ప్రవక్త గుర్తుకొచ్చాడు. హోరేబు కొండ మీద ఆయన కూడా లెక్క మూశాడు. నమ్మకస్థుడు ఇక ఒక్కడే, అది తానే అనుకున్నాడు. దేవుడు చూపిన లెక్క ఏడు వేలు. ఆ ఏడు వేలమంది అంతకు ముందు కూడా ఉన్నారు. ప్రవక్త కంటికి కనబడలేదంతే.

ప్రియులారా, ఇప్పుడు మా సంగతి ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం సంవత్సరాంతంలో సంఘ పుస్తకం సరిచేస్తూ ఒక తమ్ముడి పేరు మీద ఎర్ర గీత గీశాము. పని కోసం పట్నం వెళ్లి తొమ్మిదేళ్లయింది. ఉత్తరం లేదు, ఫోను లేదు. "ఇక రాడులే" అనుకున్నాము. లెక్క చక్కగా కుదిరింది. కానీ వాళ్లమ్మగారు ప్రతి ఆదివారం కానుకల సంచిలో రెండు నాణేలు వేస్తారు. రెండెందుకమ్మా అని ఈ మధ్య అడిగాము. "ఒకటి నాది, ఒకటి వాడిదండి" అన్నారు. మేము గీత గీసిన సంగతి ఆమెకు తెలియదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పుస్తకం తీసి ఆ పేరు మళ్లీ రాశాము. ఆ తమ్ముడు ఇంకా రాలేదు. అయినా పేరు ఉంది. మీ ఇంట్లో కూడా ఎవరి పేరు మీదనైనా గీత పడి ఉంటే, ఈ వారం అది చెరిపి ప్రార్థన మొదలుపెట్టండి. వీలైతే ఒక ఫోను చేయండి.

ప్రార్థన: నక్షత్రాలకు పేరు పేరునా తెలిసిన తండ్రీ, మా చూపు పొట్టిది. మేము మూసిన లెక్కలను నీవు తెరువుము. మాకు కనబడకుండా ఉన్నవారిని మరువక వెదకే మనసు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.