గోల్డ్‌ఫింగర్ నుంచి సలీమ్ అబూ అజీజ్ దాకా: జాసూసీ సినిమాల్లో విలన్ మౌత్

దోస్తులారా, కర్నూలులో ఉర్దూ మీడియం స్కూల్లో చదివే రోజుల్లో మాకు జాసూస్ అంటే ఇబ్నె సఫీ రాసిన జాసూసే. 1952లో అలహాబాదు నుంచి మొదలైన ‘జాసూసీ దునియా’, ఆ తర్వాత వచ్చిన ‘ఇమ్రాన్ సిరీస్’ మా మామూల కాలం నుంచీ ఇంట్లో తిరుగుతుండేవి. హిసాబ్ పుస్తకంలో పెట్టుకుని చదివేవాళ్లం. ఇంటర్‌కొచ్చాక వీసీఆర్ కిరాయికి తెచ్చి, తలా కొంచెం వేసుకుని జేమ్స్ బాండ్ సినిమాలు చూశాం. ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. మర్నాడు సినిమా చూడనివాడు అడిగే సవాల్ మాత్రం ఒకటే: “విలన్ ఎట్లా చచ్చాడ్రా?”

ఆ సవాల్‌కు జవాబు ఎప్పుడూ మజాగా ఉండేది. జాసూసీ సినిమాలో విలన్ మామూలుగా చావడు. తను తీసిన గోతిలోనే పడతాడు. 1962లో వచ్చిన ‘డాక్టర్ నో’లో విలన్‌వి లోహపు చేతులు. ఆ చేతుల బలం చూసి మురిసిపోయేవాడు. చివర్లో తన అణు రియాక్టర్ తొట్టిలో పడతాడు. పైకి ఎక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి, లోహపు వేళ్లకు పట్టు దొరకదు, జారి మునిగిపోతాడు. 1963లో ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో రెడ్ గ్రాంట్ తన వాచీలోంచి తీగ లాగి మనుషుల గొంతు బిగిస్తాడు. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలు పెట్టెలో బాండ్ అదే తీగతో అతని ఖాతా మూసేస్తాడు. 1964లో ‘గోల్డ్‌ఫింగర్’లో ఆడ్‌జాబ్ టోపీ అంచుకు ఉక్కు. ఆ టోపీ ఫోర్ట్ నాక్స్ ఖజానా ఊచల మధ్య ఇరుక్కుంటుంది. అతను దాన్ని లాగే క్షణంలో బాండ్ తెగిన కరెంటు తీగను ఊచలకు తాకిస్తాడు. దాదీమా చెప్పే కిస్సాల్లో జాలిమ్‌కు పట్టే అంజామ్ కూడా ఇదే. అందుకే ఇంగ్లీషు రాకపోయినా మాకు ఇన్సాఫ్ అర్థమయ్యేది.

గోల్డ్‌ఫింగర్ మౌత్ సంగతి ఇంకా తమాషా. ఇయాన్ ఫ్లెమింగ్ 1959లో రాసిన నావెల్లో విమానం కిటికీలోంచి గాలికి కొట్టుకుపోయేది ఆడ్‌జాబ్. గోల్డ్‌ఫింగర్‌ను బాండ్ తన చేతులతో గొంతు నులిమి చంపుతాడు. సినిమావాళ్లు దీన్ని తిప్పేశారు. నౌకరుకు కరెంటు షాకు, మాలిక్‌కు కిటికీ. అంత లావు మనిషి అంత చిన్న కిటికీలోంచి పోవడం చూసి ప్రపంచమంతా నవ్వింది, మేమూ నవ్వాం. ఆ మీదట బాండ్ ఒక జోకు వేస్తాడు. విలన్ చావు మీద హీరో జోకు వేయడం ఈ సినిమాల రివాజు.

ఈ గోల్డ్‌ఫింగర్ అనే పేరు ఫ్లెమింగ్ గాల్లోంచి పుట్టించింది కాదు. లండన్‌లో ఎర్నో గోల్డ్‌ఫింగర్ అనే ఆర్కిటెక్ట్ ఉండేవాడు. బుడాపెస్ట్‌లో పుట్టిన యూదుడు. లండన్‌లోని ట్రెలిక్ టవర్ ఆయన గీసిందే. బంగారం పిచ్చి పట్టిన ఖూనీకోరుకు తన పేరు పెట్టారని తెలిసి ఆయన వకీళ్ల దగ్గరకు వెళ్లాడు. పబ్లిషర్లు దిగొచ్చారు. ఖర్చులు ఇచ్చుకున్నారు, ఇందులో పాత్రలన్నీ కల్పితమని ప్రకటించడానికి ఒప్పుకున్నారు, ఆరు కాపీలు కూడా చేతిలో పెట్టారు. పేరున్న ఒక పెద్దమనిషి తన పేరు కోసం కొట్లాడితే జరిగిన ఇన్సాఫ్ అది. ఈ కిస్సా గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

అప్పటి బాండ్ నిర్మాతలు ఒక విషయంలో జాగ్రత్తపడ్డారు. ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ నావెల్లో దుష్మన్ సోవియట్ గూఢచారి సంస్థ స్మెర్ష్. సినిమాకొచ్చేసరికి అసలు కుట్ర స్పెక్టర్ అనే ముఠాది అయింది. ఆ ముఠాకు ముల్క్ లేదు, కౌమ్ లేదు, జెండా లేదు. కోల్డ్ వార్ మంచి వేడి మీదున్న రోజుల్లో రష్యావాడిని నేరుగా విలన్ చేయకుండా పక్కకు తప్పుకున్నారు. ఎదుటివాడి చేతిలో అణుబాంబు ఉంటే సినిమావాడికి కూడా తమీజ్ వస్తుందేమో!

ఆ తమీజ్ అందరికీ దక్కలేదు. డాక్టర్ నో సగం చీనావాడు, వేసింది కెనడాలో పుట్టిన తెల్ల నటుడు జోసెఫ్ వైజ్‌మన్. 1973లో ‘లివ్ అండ్ లెట్ డై’లో విలన్ కనంగా నల్లవాడు. బాండ్ అతని నోట్లో గ్యాసు గుళిక కుక్కితే బుడగలా ఉబ్బి, పైకప్పు దాకా లేచి పగిలిపోతాడు. 1983లో ‘ఆక్టోపస్సీ’ కోసం బాండ్ మన ఉదయపూర్‌కే వచ్చాడు. అందులో విలన్ కమాల్ ఖాన్, ముల్క్ వదిలొచ్చిన అఫ్ఘాన్ షెహజాదా. వేసింది ఫ్రెంచి నటుడు లూయీ జోర్డాన్. అతని తలపాగా నౌకరు గోవిందాగా మన కబీర్ బేడీ. ఎగిరే విమానం మీదికెక్కి బాండ్‌ను పట్టుకొమ్మని మాలిక్ హుకుం. గోవిందా ఎక్కుతాడు. బాండ్ విమానం యాంటెన్నాను వంచి వదిలితే అది మొహానికి తగిలి కిందికి పోతాడు. మాలిక్ కోసం ప్రాణమిచ్చిన ఆ వఫాదార్ నౌకరు మీద సినిమాలో ఎవరికీ జాలి లేదు. మా గుంపులోనూ ఎవరికీ కలగలేదు.

మనవాళ్లు ఏదో మాసూములని నేననను. ఇబ్నె సఫీ సృష్టించిన మహా విలన్లలో సింగ్ హీ ఒకడు, వాడూ చీనావాడే. ‘గూఢచారి 116’ (1966) దగ్గర్నుంచి మన తెలుగు జాసూసులు కూడా విదేశీ కుట్రల మీదే బతికారు. బయటివాడి ఖౌఫ్ లేకపోతే జాసూసీ దుకాణం నడవదు.

ఇప్పుడు అసలు దాస్తాన్‌కు వస్తాను. ఆర్ట్ మాలిక్ అని ఒక నటుడున్నాడు. పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్‌లో 1952లో పుట్టి ఇంగ్లండులో పెరిగాడు. 1987లో ‘ది లివింగ్ డేలైట్స్’లో కమ్రాన్ షా వేషం వేశాడు. అఫ్ఘాన్ ముజాహిదీన్ సర్దార్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, సోవియట్లతో జంగ్ చేస్తున్నవాడు. బాండ్ అతన్ని ఖైదులోంచి విడిపిస్తాడు, అతను తన గుర్రాలతో బాండ్‌కు సాయం వస్తాడు. చివరి సీనులో భుజాల మీద తుపాకులతో, తూటాల పటకాలతో అతని మనుషులంతా సంగీత కచేరీకి ఆలస్యంగా దిగితే తెల్ల దొరలు ముచ్చటపడతారు. గడ్డం అదే, పగిడీ అదే, తుపాకీ అదే. కానీ దోస్త్.

1989 ఫిబ్రవరిలో సోవియట్ సేన అఫ్ఘానిస్తాన్ వదిలింది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. సినిమావాళ్లకు దుష్మన్ కరువు వచ్చింది. 1994లో జేమ్స్ కామెరాన్ ‘ట్రూ లైస్’ తీశాడు. హీరో ఆర్నాల్డ్ ష్వార్జనెగ్గర్, విలన్ మళ్లీ అదే ఆర్ట్ మాలిక్. ఈసారి అతని పేరు సలీమ్ అబూ అజీజ్, అతని ముఠా పేరు ‘క్రిమ్సన్ జిహాద్’. ఏడేళ్లలో ముఖం మారలేదు, ఖేమా మారింది.

అతని మౌత్ ఎట్లా ఉంటుందో చాలామందికి గుర్తే. ఆకాశంలో నిలబడిన హారియర్ విమానం మీద కొట్లాట. జారిపడ్డ అజీజ్ పట్టీ రెక్క కింది మిసైల్‌కు తగులుకుంటుంది. నౌకరీలోంచి తీసేసినవాడికి చెప్పే మాట ఒకటి చెప్పి హీరో బటన్ నొక్కుతాడు. ఇంగ్లీషులో తుపాకీ పేల్చడానికీ నౌకరీ ఊడగొట్టడానికీ ఒకే మాట, జోకు అదే. మిసైల్ అతన్ని మోసుకుని బిల్డింగులోంచి దూరి అవతలికి పోయి, అతని మనుషులున్న హెలికాప్టర్‌ను తాకి పేలిపోతుంది. అంతకుముందు అజీజ్ కెమెరా ముందు నిలబడి, మా ఆడవాళ్లను, పిల్లలను దూరం నుంచి బాంబులేసి చంపారని ఉపన్యాసం ఇస్తుంటాడు. సరిగ్గా అప్పుడే కెమెరా బ్యాటరీ అయిపోతుంది. అతని ఫిర్యాదూ జోకే, అతని మౌతూ జోకే.

మేం ఆ సినిమా మా ఇంట్లోనే చూశాం. మిసైల్ సీను రివైండ్ చేసి మూడుసార్లు చూసి పడిపడి నవ్వాం. వసారాలో తస్బీహ్ తిప్పుకుంటున్న దాదీమా కేక వేసింది.

“కౌన్ మరా రే?”

“విలన్, దాదీమా!”

“నామ్ క్యా ఉస్కా?”

“సలీమ్.”

“ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్,” అంది ఆమె. ఎవరు పోయారన్నా మా ఇళ్లలో అనే మాటే అది. దానికి మేం ఇంకా నవ్వాం. మాలో ఒకడికి మటుకు నవ్వు సగంలో ఆగింది. వాడి పేరూ అదే. ఆ తర్వాత కాలేజీలో రెండేళ్లూ వాడు కనిపిస్తే చాలు, వేళ్లతో మిసైల్ వదిలేవాళ్లం. అందరికన్నా ఎక్కువసార్లు వదిలింది నేనే.

సలీమ్ అంటే క్షేమంగా ఉన్నవాడు. అజీజ్ అంటే ప్రియమైనవాడు. తల్లిదండ్రులు దువా చేసి పెట్టుకునే పేర్లు. గోల్డ్‌ఫింగర్ చచ్చినా, డాక్టర్ నో మునిగినా ఆ నవ్వు తెరతోనే ముగుస్తుంది, ఆ పేర్లవాళ్లు మన గల్లీలో లేరు. సలీమ్ చచ్చిన నవ్వు బయటికి నడిచొస్తుంది. నౌకరీ కోసం ఊరు మారి ఇల్లు కిరాయికి అడిగినప్పుడు, పేరు చెప్పగానే ఇంటాయన ముఖంలో కాసేపు నిలిచే ఖామోషీ నాకు బాగా తెలుసు. అదంతా ఒక్క సినిమా చేసిందని అనను. కానీ అట్లాంటి సినిమాలు ఎన్నో. జాక్ షహీన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 900కు పైగా హాలీవుడ్ సినిమాల్లో అరబ్బులను ఎట్లా చూపారో పరిశీలించి 2001లో ఒక మోటా కితాబే వేశాడు.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ‘ట్రూ లైస్’లో హీరో జట్టులో ఫైసల్ అనే అరబ్ అమెరికన్ కూడా ఉన్నాడు. అయినా అమెరికాలోని అరబ్ సంఘాలు నిరసన తెలిపాయి. సినిమా చివర, పేర్లన్నీ పైకి జరిగే చోట, ఇది కల్పన, ఏ సంస్కృతికీ మజహబ్‌కూ దీంతో సంబంధం లేదనే మాట ఒకటి కనిపిస్తుంది. అప్పటికి జనం లేచి వెళ్లిపోతారు, క్యాసెట్ అయితే ఆపేస్తారు. గోల్డ్‌ఫింగర్ సాబ్‌కు వకీళ్లున్నారు, ఆరు కాపీలన్నా దక్కాయి. లోకంలో ఉన్న సలీమ్‌లంతా ఏ అదాలత్‌కు వెళ్తారు?

ఆ తర్వాతి తారీఖ్ కూడా చూడండి. 1995లో ‘గోల్డెన్ ఐ’ విలన్ ట్రెవెల్యన్ ఒకప్పుడు బాండ్ సాథీ, 006. 2012లో ‘స్కైఫాల్’ విలన్ సిల్వా కూడా అదే ఖాతా మనిషి. ఒకడి తల్లిదండ్రులకు బ్రిటన్ దగా చేసింది, రెండోవాడిని అధికారే శత్రువుకు అప్పగించింది. ఇద్దరి ఫిర్యాదూ సినిమా ఆసాంతం వింటుంది, ఎవరి బ్యాటరీ మధ్యలో అయిపోదు. ట్రెవెల్యన్ పడిపోయే ముందు బాండ్ అతని కాలు పట్టుకుని కళ్లలోకి చూస్తాడు. ఇంటివాడైతే దుష్మన్‌కు కూడా గతం ఉంటుంది, దర్ద్ ఉంటుంది.

ఇప్పటికీ నేను జాసూసీ సినిమాలు చూస్తాను. విలన్ చావాల్సిందే, బాంబు పెట్టేవాడికి నా దగ్గర రహమ్ లేదు. ‘గోల్డ్‌ఫింగర్’ కిటికీ సీనుకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ‘ట్రూ లైస్’ మిసైల్ సీను వస్తే మాత్రం దాదీమా కేక వినపడుతుంది. కిందటి రంజాన్‌లో ఆ దోస్త్ ఇఫ్తార్‌కొచ్చాడు. మా పిల్లలకు పరిచయం చేస్తూ “సలీమ్ చాచా” అన్నాను. వాడు నవ్వి, వేళ్లతో నా వైపు ఒక మిసైల్ వదిలాడు. ముప్ఫై ఏళ్లయినా వాడు మర్చిపోలేదు. మాఫీ అడగాల్సినవాడిని నేను. ఆ రాత్రి అడిగాను.