స్వచ్ఛతా దీదీలు: ఛత్తీస్‌గఢ్ పట్టణాల చెత్త నిర్వహణలో మహిళలు

ఛత్తీస్‌గఢ్‌కు సముద్రతీరం లేదు. అయినా రాయ్‌పూర్ పక్కగా ప్రవహించే ఖారూన్ నది శివనాథ్‌లోను, శివనాథ్ మహానదిలోను కలుస్తాయి. మహానది ఒడిశాలోని పారదీప్ సమీపంలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. మోవా వంటి నగర ప్రాంతంలో కాలువపాలైన ప్లాస్టిక్ సంచి తీరప్రాంతపు సమస్యగా మారడానికి ఆ మార్గం చాలు.

ఈ రాష్ట్రంలో చెత్తను పుట్టిన చోటనే ఆపే పనిని మహిళలకు అప్పగించిన మొదటి పట్టణంగా సర్గుజా జిల్లా కేంద్రం అంబికాపూర్ పేరు పొందింది. అక్కడ 2015లో స్వయం సహాయక సంఘాల మహిళలు ఇంటింటి సేకరణను చేపట్టారు. వీరినే స్వచ్ఛతా దీదీలంటారు. ఉదయం రిక్షాలతో వీధుల్లో తిరిగి, తడి చెత్తను, పొడి చెత్తను విడివిడిగా తీసుకుని వార్డు కేంద్రానికి చేరుస్తారు. అసలు శ్రమ అక్కడే మొదలవుతుంది. అట్ట, గాజు, ఇనుము, పాల ప్యాకెట్లు, సీసా మూతలు, చెప్పులు ఇలా ప్రతిదానినీ చేతులతో వేరుచేస్తారు. కలిపి అమ్మితే ధర రాని వస్తువు విడదీస్తే సరుకవుతుంది. ఆహార వ్యర్థాలలో కొంత బాతులకు, కోళ్లకు మేతగా పోగా, మిగిలినది ఎరువవుతుంది. పొడి చెత్త అమ్మకం, గృహస్థులు నెలనెలా చెల్లించే రుసుము ఈ వ్యవస్థకు ఆదాయ వనరులు.

పట్టణపు పాత డంపింగ్ యార్డు నేడు ఉద్యానవనం. 2019 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో అంబికాపూర్ ఇందౌర్ తరువాత రెండవ స్థానం పొందింది. అదే ఏడాది అక్టోబరులో కిలో ప్లాస్టిక్ తెచ్చినవారికి భోజనం పెట్టే 'గార్బేజ్ కేఫ్' ప్రారంభమైంది. పత్రికలలో పేరు మారుమోగినది కేఫ్‌కే గాని, పట్టణాన్ని శుభ్రపరచినది మాత్రం వేరుచేసే బల్లల వద్ద నిలిచిన స్త్రీలే.

'మిషన్ క్లీన్ సిటీ' పేరుతో ఈ విధానం రాష్ట్రంలోని ఇతర పట్టణాలకు విస్తరించింది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా స్వయం సహాయక సంఘాలను ఈ వ్యవస్థలో చేర్చుకోవాలని స్థానిక సంస్థలకు సూచించాయి. రాయ్‌పూర్‌లో మాత్రం సేకరణ ప్రైవేటు కాంట్రాక్టు కింద సాగుతున్నది.

వేతనం సంగతి వేరు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం దీదీల నెలసరి మొత్తాన్ని 6,000 రూపాయల నుంచి 7,200కు పెంచింది. దానిని జీతమనక గౌరవ వేతనమనే వ్యవహరిస్తున్నారు. చేతి తొడుగులు, వైద్య పరీక్షలు, సెలవు దినం ఈ మహిళలకు వేతనమంత ముఖ్యమైనవే. ఇంటివారు చెత్తను కలిపి ఇచ్చిన రోజున పగిలిన గాజు, వాడిన సూదులు ముందుగా తగిలేది వీరి చేతులకే.