రెండో సిమ్‌కు ఏపీఐ ఎవరు రాశారు?

2012, 2013 ప్రాంతంలో మన దేశంలో చవకగా దొరికిన ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్‌లు ఉండేవి. ఆండ్రాయిడ్‌కు మాత్రం రెండో సిమ్ ఉన్న సంగతే తెలియదు. గూగుల్ రాసిన టెలిఫోనీ మేనేజర్‌ను ఏ యాప్ అడిగినా ఒక్క సిమ్ వివరాలే చెప్పేది. రెండోది పనిచేయడానికి కావలసిన కోడ్‌ను చిప్ కంపెనీలే రాసుకున్నాయి. మీడియాటెక్ తన ఏపీఐలకు, అంటే యాప్‌లు పిలిచే ఫంక్షన్లకు, జెమినీ అని పేరు తగిలించింది. సిమ్ స్థితి తెలుసుకోవాలంటే ‘గెట్ సిమ్ స్టేట్ జెమినీ’, ఐఎంఈఐ నంబరు కావాలంటే ‘గెట్ డివైస్ ఐడీ జెమినీ’. వేరే కంపెనీ చిప్ ఉన్న ఫోన్లో అదే పనికి వేరే పేరు. ఇవేవీ గూగుల్ డాక్యుమెంటేషన్‌లో ఉండవు కాబట్టి యాప్ రాసేవాళ్లు జావా రిఫ్లెక్షన్‌తో చీకట్లో తడుముకునేవారు. ఈ పేరుతో ఫంక్షన్ ఉందా? లేకపోతే ఆ పేరుతో ఉందా? అదీ లేకపోతే ఒకే సిమ్ అనుకుని సరిపెట్టుకోవడమే.

2014 సెప్టెంబరులో గూగుల్ మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలతో కలిసి భారత్‌లో ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు తెచ్చింది. అవీ రెండు సిమ్‌ల ఫోన్లే. అయినా యాప్‌లు వాడుకోదగ్గ అధికారిక ఏపీఐ 2015 మార్చిలో, 5.1 వెర్షన్‌తో గానీ రాలేదు. ఆండ్రాయిడ్‌కు సొంత ఏపీఐ చేర్చిన ప్రతివాళ్ల కథా కాస్త అటూఇటూగా ఇలాగే నడిచింది. చేర్చడం ఎవరికైనా సాధ్యమే. అది నిలబడుతుందా లేదా అన్నది మాత్రం చేర్చినవాళ్ల చేతిలో లేదు.

చేర్చడం ఎలా సాధ్యమో ముందు చూద్దాం. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ మార్కెట్లోకి వచ్చిన 2008 అక్టోబరులోనే సోర్స్ కోడ్ కూడా బయటికొచ్చింది. లోపలి కట్టుబడి ఇలా ఉంటుంది. యాప్ నేరుగా హార్డ్‌వేర్ జోలికి వెళ్లదు. సిస్టమ్ సర్వర్ అనే ప్రాసెస్‌లో పదుల కొద్దీ సర్వీసులు కూర్చుని ఉంటాయి. యాప్ అడిగినది బైండర్ అనే వాహిక ద్వారా వాటికి చేరుతుంది. ఈ బైండర్ గూగుల్‌లో పుట్టినది కాదు. బీ కంపెనీలో మొదలై, పామ్‌సోర్స్‌లో ఓపెన్‌బైండర్‌గా ఎదిగి, అక్కడ పనిచేసిన డయాన్ హ్యాక్‌బోర్న్ వంటి ఇంజినీర్లతో పాటు ఆండ్రాయిడ్‌లోకి వచ్చింది.

ఫోన్‌కు కొత్తగా ఒక సెన్సర్ పెట్టారనుకుందాం. యాప్‌లకు దాన్ని అందించాలంటే ముందు ఏఐడీఎల్ అనే ఇంటర్‌ఫేస్ ఫైల్లో ఫంక్షన్ల పేర్లు రాయాలి. ఆ పనులు చేసే సర్వీసును రాసి, ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సర్వీస్ మేనేజర్‌లో నమోదయ్యేలా చూడాలి. యాప్ రాసేవాళ్ల చేతికి అందేలా పైన ఒక మేనేజర్ క్లాస్ పెట్టాలి. ఇంత చేసి బిల్డ్ కొడితే మధ్యలో ఆగిపోతుంది. బయటికి కనిపించే ప్రతి ఫంక్షన్ పేరూ ‘కరెంట్’ అనే టెక్స్ట్ ఫైల్లో ఉండాలి. లేని పేరు కోడ్‌లో కనబడితే బిల్డ్ ఒప్పుకోదు. ఆ ఫైల్‌ను అప్‌డేట్ చేయాలి, లేదా ఆ ఫంక్షన్ మీద ‘హైడ్’ అని గుర్తు పెట్టాలి. ఆండ్రాయిడ్ 5.0 నుంచి భద్రతా నియమాలు చూసే ఎస్‌ఈలినక్స్ పూర్తిగా అమల్లోకి వచ్చాక ఇంకో మెలిక చేరింది. కొత్త సర్వీసు పేరు పాలసీలో రాయడం మరిచిపోతే కోడ్ ఎంత సరిగా ఉన్నా సర్వీసు నమోదే కాదు. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లకు ఒక పూట అక్కడే పోతుంది.

వీటన్నిటి పైన గూగుల్ పెట్టిన షరతు ఒకటి ఉంది. ప్లే స్టోర్ కావాలంటే ఫోన్ కంపాటిబిలిటీ పరీక్షలు నెగ్గాలి. ‘ఆండ్రాయిడ్’ పేరుతో మొదలయ్యే ప్యాకేజీల్లో కంపెనీలు సొంతంగా ఏదీ చేర్చకూడదు. చేర్చదలచుకున్నది తమ పేరుతో వేరే లైబ్రరీగా పెట్టుకోవచ్చు. తొలినాళ్లలో గూగుల్ తన మ్యాప్స్‌ను ఇచ్చిందీ ఆ దారిలోనే. మ్యాప్స్ తప్పనిసరి అని రాసుకున్న యాప్, ఆ లైబ్రరీ లేని ఫోన్లో అసలు ఇన్‌స్టాలే అయ్యేది కాదు.

ఫోన్ కంపెనీలు ఆ దారి పట్టాయి. హెచ్‌టీసీ 2011లో ఓపెన్‌సెన్స్ అంది. శాంసంగ్ ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయింది: గెలాక్సీ నోట్‌తో ఎస్ పెన్, 2012లో మల్టీ విండో, 2014లో గెలాక్సీ ఎస్5తో వేలిముద్ర. వేలిముద్రకు 2015లో, స్క్రీన్‌ను రెండుగా పంచడానికి 2016లో గూగుల్ సొంత ఏపీఐలు వచ్చాయి. శాంసంగ్‌ను నమ్మి ముందే యాప్ రాసుకున్నవాళ్లు మళ్లీ రాసుకోవలసి వచ్చింది. అమెజాన్ 2014లో ఫైర్ ఫోన్ ముందువైపు నాలుగు మూలలా కెమెరాలు పెట్టి, తల కదలికను బట్టి బొమ్మ కదిలే ఏపీఐ ఇచ్చింది. మరుసటి ఏడాదికే ఫోన్ ఆగిపోయింది, దాంతో పాటే ఏపీఐ కూడా.

నా దృష్టిలో వీటన్నిటికన్నా శ్రద్ధగా పనిచేసింది సయనోజెన్‌మాడ్. 2009లో స్టీవ్ కొండిక్ సొంత ప్రయత్నంగా మొదలైన ఈ రోమ్‌కు (ఆండ్రాయిడ్‌ను మార్చి తయారుచేసిన వ్యవస్థకు) 2015లో ప్లాట్‌ఫామ్ ఎస్‌డీకే, అంటే యాప్ రాసేవాళ్లకు ఇచ్చే ఏపీఐల కట్ట, వచ్చింది. ఏపీఐ వెర్షన్లకు ఆప్రికాట్, బాయ్‌సెన్‌బెర్రీ, క్యాంటలూప్ అంటూ అక్షరక్రమంలో పండ్ల పేర్లు పెట్టారు. ఆండ్రాయిడ్ వెర్షన్లకు గూగుల్ పెట్టిన మిఠాయి పేర్ల మీద చిన్న చురక కాబోలు. నోటిఫికేషన్ తెర పైన ఉండే క్విక్ సెట్టింగ్స్ పలకల్లో ఏ యాప్ అయినా తన పలకను పెట్టుకోవచ్చన్నది అందులో ఒక ముఖ్యమైన సదుపాయం. మైక్రోమ్యాక్స్ వారి యూ యురేకా ద్వారా సయనోజెన్ వ్యవస్థ మన దేశంలోనూ చాలామంది చేతికి వచ్చింది. 2016లో ఆండ్రాయిడ్ 7.0 అదే పలకల సదుపాయాన్ని అందరికీ ఇచ్చేసింది. ఆ ఏడాది డిసెంబరులో ఈ రోమ్ చుట్టూ ఏర్పడిన సయనోజెన్ కంపెనీ సేవలు మూతపడ్డాయి. ఆ ఎస్‌డీకే పేరు మార్చుకుని, సయనోజెన్‌మాడ్‌కు వారసురాలైన లీనియేజ్ ఓఎస్‌లో నేటికీ ఉంది.

ఇంతకూ ప్రోగ్రామర్లు ఎక్కువగా వాడుకున్నది కంపెనీలు ఇచ్చిన ఏపీఐలను కాదు, గూగుల్ దాచిపెట్టిన వాటిని. వచ్చిన కాల్‌ను కట్ చేసే ఫంక్షన్ ఆండ్రాయిడ్ లోపల మొదటినుంచీ ఉంది, బయటికి ఇవ్వలేదు. ఐటెలిఫోనీ అనే ఏఐడీఎల్ ఫైల్‌ను అదే ప్యాకేజీ పేరుతో తమ యాప్‌లోకి కాపీ చేసుకుని, రిఫ్లెక్షన్‌తో సర్వీసును పట్టుకుని, ‘ఎండ్ కాల్’ అని పిలవడం కాల్ బ్లాకర్లు రాసేవాళ్లందరికీ తెలిసిన విద్య. 2018లో ఆండ్రాయిడ్ 9 ఈ దొడ్డిదారికి తాళం వేయడం మొదలుపెట్టింది. ఎస్‌డీకేలో లేని ఫంక్షన్లను జాబితాలుగా విడగొట్టి, కొన్నిటిని హెచ్చరికతో వదిలి, కొన్నిటిని పూర్తిగా ఆపేసింది. కాల్ కట్ చేయడానికి అధికారిక ఫంక్షన్‌నూ ఆ వెర్షన్‌లోనే ఇచ్చింది. తమాషా ఏమిటంటే తరువాతి వెర్షన్‌లోనే దాన్ని వాడవద్దని చెప్పింది.

2012లో వచ్చిన గూగుల్ ప్లే సర్వీసెస్‌తో అసలు మార్పు జరిగింది. లొకేషన్, మ్యాప్స్, నోటిఫికేషన్లు పంపే పద్ధతి వంటి కొత్త ఏపీఐలు ఓపెన్ సోర్స్ కోడ్‌లోకి కాక ఈ మూసిన పెట్టెలోకి చేరసాగాయి. అంటే ఆండ్రాయిడ్‌కు అందరికన్నా పెద్ద సొంత ఏపీఐ చేర్చింది గూగులే. ఇప్పుడు ఫోన్ కంపెనీలకు మిగిలింది నింపే పని. కెమెరాఎక్స్ ఎక్స్‌టెన్షన్లలో నైట్ మోడ్ ఏపీఐ ఎలా ఉండాలో గూగుల్ నిర్ణయిస్తుంది, దాని వెనుక కోడ్‌ను కంపెనీ రాస్తుంది. మడతఫోన్లదీ ఇదే పద్ధతి. యాప్ రాసేవాళ్లకు ఇది మేలే. జెమినీ రోజులు ఎవరూ కోరుకోరు. పోటీదారుకు మాత్రం ప్లే సర్వీసెస్ లేని ఆండ్రాయిడ్ సగం ఆండ్రాయిడే. 2019లో అమెరికా ఆంక్షలు పడ్డాక హువావే తన ఫోన్ల కోసం హెచ్‌ఎంఎస్ పేరుతో సమాంతరంగా అన్నీ రాసుకోవలసి వచ్చింది.

ఈ తగవు మన దగ్గరికీ వచ్చింది. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసి, ప్లే సర్వీసెస్ ఏపీఐలను పోటీదారులకు నష్టం కలిగేలా నిరాకరించకూడదని ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను ఖరారు చేసింది, ఏపీఐల ఆదేశాన్ని మాత్రం కొట్టివేసింది. ఆ తీర్పు మీద గూగుల్, కమిషన్ రెండూ సుప్రీంకోర్టుకు వెళ్లాయి.