సోయా: స్త్రీల ఆరోగ్యం

సోయా చిక్కుడు పప్పుజాతికి చెందిన నూనెగింజ. ఎండు గింజలో దాదాపు 36 శాతం మాంసకృత్తులుంటాయి. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతంలో బాగా పండుతున్నా, మన వంటిళ్లకు చేరేది ఎక్కువగా నూనె తీసిన పిండితో చేసే మీల్ మేకర్‌గానే.

స్త్రీల విషయంలో చర్చంతా ఇందులోని ఐసోఫ్లేవోన్ల గురించే. జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఈ పదార్థాల నిర్మాణం స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను పోలి ఉండటంతో, సోయా తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న భయం పుట్టింది. కానీ ఈస్ట్రోజెన్‌తో పోలిస్తే వీటి ప్రభావం చాలా బలహీనం. ఈస్ట్రోజెన్ గ్రాహకాల్లో ఇవి ఆల్ఫా రకం కన్నా బీటా రకానికే ఎక్కువగా అతుక్కుంటాయి. షాంఘైలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన 5,042 మంది స్త్రీలపై 2009లో వెలువడిన అధ్యయనంలో, సోయా ఎక్కువగా తిన్నవారిలో మరణాలు, వ్యాధి తిరగబెట్టడం తక్కువగా కనిపించాయి. అది సోయా వల్లేనని రుజువు కాలేదు గానీ, మామూలు ఆహారంగా తినేవారిని భయపెట్టి మాన్పించడం మాత్రం అన్యాయం. గాఢత ఎక్కువగా ఉండే ఐసోఫ్లేవోన్ మాత్రల సంగతి వేరు. క్యాన్సర్ వచ్చినవారు వాటిని వైద్యుల్ని అడక్కుండా వాడకూడదు.

ముట్లుడిగే దశలో వచ్చే వేడి ఆవిర్లను ఐసోఫ్లేవోన్లు కొంత తగ్గించగలవు. ఫలితం అందరిలో ఒకేలా ఉండదు. డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే పదార్థంగా మార్చే పేగు బాక్టీరియా కొందరిలోనే ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు. సోయా తింటే చెడు కొలెస్ట్రాల్ కూడా స్వల్పంగా తగ్గుతుంది.

థైరాయిడ్‌కు లీవోథైరాక్సిన్ వాడేవారు మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి; సోయా మందు శోషణను తగ్గిస్తుంది. సోయా పడనివారు పూర్తిగా మానాలి. పచ్చి గింజలు జీర్ణానికి అడ్డుపడతాయి కనుక బాగా ఉడికించే తినాలి.