ఎంత శాతం బ్లాకు?

గుండెపోటు అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ ఎక్కిస్తున్న రంగుమందు పొరపాటున నేరుగా గుండె ధమనిలోకి పోయింది. రోగి బతికాడు, మనకి యాంజియోగ్రామ్ దక్కింది! కాకపోతే అందులో కనబడేది రక్తం పారే దారే, గోడలో ఏముందో కనబడదు.

1988లో విలియం లిటిల్ బృందం గుండెపోటు వచ్చినవాళ్ళ పాత యాంజియోగ్రాములు తిరగేసింది. నాళం కొత్తగా మూసుకుపోయిన 29 మందిలో 19 మందికి అంతకుముందు ఆ నాళంలో 50 శాతం పూడిక కూడా లేదు!! ట్రెడ్‌మిల్ మీద 'నార్మల్' అనిపించుకున్న మా పెదనాన్న నెల తిరక్కుండా పోయారు. ఇది చదివేదాకా ఆ డాక్టర్నే తిట్టుకున్నాను లెండి.

మరుసటేడు జేమ్స్ ముల్లర్ బృందం దీన్ని 'వల్నరబుల్ ప్లేక్' అంది. లోపల కొవ్వు ముద్ద, పైన పల్చటి పొర. పొర చిరిగితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. 1997లో రేణు విర్మాణి బృందం హఠాత్తుగా చనిపోయినవాళ్ళ ధమనులు కోసి చూసి, 65 మైక్రాన్లకన్నా పల్చనైతే ప్రమాదమని తేల్చింది.

మరి ముందే పట్టుకోలేమా? నాళంలోకి అల్ట్రాసౌండ్ పంపి చూసిన ప్రాస్పెక్ట్ అధ్యయనం 2011లో వచ్చింది. పల్చటి పొర ఉన్నట్టు తేలినవి 595, మూడేళ్ళు దాటినా ఇబ్బంది పెట్టినవి 26. అన్నిటికీ స్టెంట్లు వేస్తే మిగతా 569 అనవసరమే కదా? స్టాటిన్ మాత్రలకైతే ఏది చిరుగుతుందో తెలియక్కర్లేదు, అన్నిచోట్లా పొరని గట్టిపరుస్తాయి.